తొలితరం విద్యార్థులు: కళాశాల నుంచి విశ్వవిద్యాలయానికి (నల్లగొండ, పాలమూరు)

నిర్వచనం, పరిధి

అమ్మానాన్నల్లో ఎవరూ డిగ్రీ చదవని ఇంటి నుంచి ఉన్నత విద్యకు వచ్చినవారిని తొలితరం విద్యార్థులు అంటారు. కొందరు ఈ గీతను డిగ్రీ దగ్గర కాకుండా బడి దగ్గరే గీస్తారు. అంటే ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషే తొలితరం. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో ఈ రెండు అర్థాలూ తరచు ఒకే మనిషికి వర్తిస్తాయి. తండ్రి వేలిముద్ర వేసిన దరఖాస్తుతో కూతురు ఎమ్మెస్సీలో చేరడం ఇక్కడ అరుదైన విషయమేమీ కాదు.

చిన్న కళాశాలలో చదువు మొదలుపెట్టి పెద్ద విశ్వవిద్యాలయంలో పూర్తిచేసే పద్ధతికి అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అనే స్థిరమైన రూపం ఉంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1901లో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీని ప్రభుత్వరంగంలో మొదటిదిగా చెబుతారు. విద్యార్థి అక్కడ రెండేళ్లు చదివి, సంపాదించిన క్రెడిట్లతో విశ్వవిద్యాలయంలో మూడో ఏట చేరతారు. భారతదేశంలో కమ్యూనిటీ కాలేజీ అనే పేరు 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయంతో వచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2013లో ఆ పేరుతో పథకం తెచ్చింది కానీ, దాని ప్రధాన ఉద్దేశం వృత్తి నైపుణ్యాలే. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఆ పేరు చెబితే చాలామందికి తెలియదు. ఆ పని ఇక్కడ ప్రభుత్వ పాలిటెక్నిక్, ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, సార్వత్రిక విశ్వవిద్యాలయ అధ్యయన కేంద్రం చేస్తున్నాయి. అమెరికా పద్ధతికీ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది: ఇక్కడ క్రెడిట్ల స్థానంలో ప్రవేశ పరీక్ష ర్యాంకు, దాని వెంట ఒక కట్ట ధ్రువపత్రాలు ఉంటాయి.

ప్రాంతం

ఈ వ్యాసంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) అంటే పాత ఉమ్మడి జిల్లాలు. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి; మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల విడివడ్డాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో ఏర్పడింది. 2011 జనాభా లెక్కల్లో నల్లగొండ జిల్లా అక్షరాస్యత 64.2 శాతం, మహబూబ్‌నగర్‌ది 55.04 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో మహబూబ్‌నగర్ చిట్టచివరన ఉంది. అక్కడి స్త్రీల అక్షరాస్యత 45 శాతానికి కూడా చేరలేదు. ఈరోజు పీజీ తరగతుల్లో కూర్చున్నవారి తల్లిదండ్రుల తరం కూడా ఈ అంకెల్లో ఉంది.

మరో నేపథ్యం వలస. ప్రాజెక్టుల కట్టలు, కాలువలు, నగరాల్లో భవనాలు కట్టే పనులకు గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని వెళ్లే 'పాలమూరు లేబర్' దేశమంతటికీ తెలిసిన మాట. దేవరకొండ, అచ్చంపేట వైపు లంబాడా తండాల నుంచి కూడా ఇలాంటి వలసలున్నాయి. విశ్వవిద్యాలయ ప్రవేశానికీ ఈ వలసకూ ఉన్న సంబంధం కింద 'ధ్రువపత్రాలు' అనే శీర్షికలో వస్తుంది.

చరిత్ర

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. తెలుగు పల్లెల పిల్లలకు అక్కడ రెండు అడ్డంకులు: భాష, నగరంలో ఉండే చోటు. రెండోదానికి వసతిగృహాలు జవాబయ్యాయి. అదే 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ ఏర్పడింది. పాలమూరు వాడైన సురవరం ప్రతాపరెడ్డి కొంతకాలం దాని నిర్వహణ చూశారు. అక్కడ చేరినవారిలో చాలామంది భూమి ఉన్న ఇళ్ల వారే; కూలి ఇళ్ల పిల్లల వంతు రావడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది.

ఒక విశ్వవిద్యాలయం నుంచి మరో విశ్వవిద్యాలయానికి మూకుమ్మడి బదిలీ కూడా ఈ చరిత్రలో ఉంది. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి బహిష్కృతులైన విద్యార్థులను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది.

నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల 1956లోనూ, మహబూబ్‌నగర్‌లో ఎం.వి.ఎస్. ప్రభుత్వ కళాశాల 1965లోనూ మొదలయ్యాయి. దాంతో డిగ్రీ దాకా చదువు జిల్లా కేంద్రంలోనే దొరికింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలను తెలుగులో అచ్చు వేయడంతో భాషా సమస్య డిగ్రీ వరకు తగ్గింది. 1971లో సంస్థాన్ నారాయణపురం దగ్గరి సర్వేల్‌లో గురుకుల పాఠశాల వెలిసింది. వలస వెళ్లే ఇంటి పిల్లలు ఒకే చోట ఏళ్ల తరబడి చదివే వీలు గురుకులాలతోనే కుదిరింది. లంబాడాలను తెలంగాణలో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది 1976 నాటి చట్టం. తండాల నుంచి కళాశాలలకు దారి ఆ తరవాతే వెడల్పయింది.

ఉస్మానియా ఈ రెండు జిల్లాల్లో పీజీ కేంద్రాలు నడిపింది. నల్లగొండ కేంద్రం 2007లో విశ్వవిద్యాలయంగా మారి, తరవాత మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం అనే పేరు పొందింది. దాని ప్రాంగణం అన్నెపర్తి దగ్గర ఉంది. పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. ప్రాంగణం మహబూబ్‌నగర్ శివారులోని బండమీదిపల్లిలో ఉంది. వనపర్తి, గద్వాల, కొల్లాపూర్‌లలో దానికి పీజీ కేంద్రాలున్నాయి. 'యూనివర్సిటీ' అంటే హైదరాబాద్ అనే అర్థం అప్పటితో మారింది. అయినా ర్యాంకు బాగా వచ్చిన విద్యార్థి ఇప్పటికీ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లలో ముందు పెట్టేది ఉస్మానియానే.

మార్గాలు

డిప్లొమా నుంచి బీటెక్. అమెరికా తరహా బదిలీకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే, ఎందుకంటే ఇందులో ముందు చదివిన చదువుకు ఏడాది తగ్గింపు దొరుకుతుంది. పదో తరగతి అయ్యాక పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసినవారు, ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. దీన్ని లేటరల్ ఎంట్రీ అంటారు. 2024 నుంచి పరీక్ష పేరు టీజీ ఈసెట్. ఇంజనీరింగ్ అభ్యర్థులకు 200 ప్రశ్నలు, మూడు గంటలు: గణితం 50, భౌతికశాస్త్రం 25, రసాయనశాస్త్రం 25, సొంత బ్రాంచి 100. ర్యాంకు రావాలంటే 25 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస పరిమితి లేదు. గణితం చదివిన బీఎస్సీ పట్టభద్రులూ ఇదే పేరుతో వేరే ప్రశ్నపత్రం రాసి రెండో ఏట చేరవచ్చు. కాలేజీకి మంజూరైన సీట్లలో 10 శాతాన్ని అదనంగా లేటరల్ వారికి ఇస్తారు. మొదటి ఏడాదిలో మిగిలిపోయిన సీట్లు దానికి తోడవుతాయి.

హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జేఎన్‌టీయూ) నిబంధనల్లో బీటెక్ నాలుగేళ్లకు 160 క్రెడిట్లు. లేటరల్‌గా వచ్చినవారు మూడేళ్లలో 120 పూర్తిచేస్తే చాలు. ఆ 40 క్రెడిట్ల తేడానే డిప్లొమాకు విశ్వవిద్యాలయం కట్టిన విలువ. మూడేళ్ల చదువుకు ఏడాది తగ్గింపు న్యాయమా అని అడిగితే, లెక్క ఇలా ఉంటుంది: పది తరవాత ఇంటర్ మీదుగా వచ్చినవారు ఆరేళ్లలో బీటెక్ పూర్తిచేస్తారు, పాలిటెక్నిక్ మీదుగా వచ్చినవారికీ ఆరేళ్లే. కాలం నష్టం లేదు. పైగా మధ్యలో చదువు ఆగినా చేతిలో ఉద్యోగానికి పనికొచ్చే డిప్లొమా ఉంటుంది. కూలి ఇళ్లవారు ఈ దారిని ఎంచుకోవడానికి అసలు కారణం ఆ రెండోదే.

తరగతిలో పరిస్థితి వేరు. ఈసెట్ కౌన్సెలింగ్ ముగిసి సీటు ఖరారయ్యే నాటికి ఒక్కోసారి రెండో సంవత్సరం పాఠాలు మొదలైపోయి ఉంటాయి. డ్రాయింగు షీటు, వర్క్‌షాపు, ల్యాబు దగ్గర డిప్లొమా వారి చెయ్యి ముందుంటుంది: మిగతావారు డ్రాఫ్టర్ బిగించుకునేలోపు వీరు టైటిల్ బ్లాకు గీసేస్తారు. గణితం తరగతిలో అది తలకిందులవుతుంది. ఇంటర్ ఎంపీసీ రెండేళ్లు, బీటెక్ మొదటి ఏడాది కలిపి మిగతావారు చేసిన గణితం వీరు చేయలేదు. లేటరల్ విద్యార్థుల బ్యాక్‌లాగులు ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఉన్నాయి. వనపర్తి సంస్థానపు రాజభవనంలో నడిచే కె.డి.ఆర్. ప్రభుత్వ పాలిటెక్నిక్ వీటిలో ప్రసిద్ధమైనది. అదే ఊళ్లో ఇప్పుడు జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల కూడా ఉంది కనుక డిప్లొమా, బీటెక్ రెండూ వనపర్తి దాటకుండానే పూర్తిచేయవచ్చు.

డిగ్రీ నుంచి పీజీ. సంఖ్యలో పెద్ద మార్గం ఇది. డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి 'దోస్త్' అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా జరుగుతున్నాయి. డిగ్రీ చివరి ఏట సీపీగెట్ రాయాలి. 2019 నుంచి ఇది ఉస్మానియా, కాకతీయ, మహాత్మా గాంధీ, పాలమూరు తదితర రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి పరీక్ష: 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఎంఏలో కొన్ని సబ్జెక్టులకు ఏ డిగ్రీ ఉన్నా సరిపోతుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి మాత్రం జాతీయ స్థాయి పరీక్ష వేరు. జిల్లా కాలేజీల నుంచి దానికి దరఖాస్తు చేసేవారు తక్కువ. ఫలానా పరీక్ష ఒకటుందని చెప్పే సీనియరు ఊళ్లో లేకపోవడం అందుకు ఒక కారణం.

డిగ్రీ తరవాత బీఎడ్, మూడేళ్ల లా కోర్సు కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఉద్యోగానికి దగ్గరి దారి అనే నమ్మకంతో తొలితరం కుటుంబాలు ఎంఏ కంటే బీఎడ్‌కే మొగ్గు చూపుతాయి. ఎంఏలో చేరినవారిలోనూ ఒక భాగం పీజీ సీటును హైదరాబాద్‌లో హాస్టల్ గదికి ఆధారంగా చూస్తారు. గది ఉంటే గ్రూప్స్, ఎస్సై పరీక్షలకు చదువుకోవచ్చు. ఆచార్యులకు ఇది నచ్చదు. విద్యార్థి వైపు నుంచి చూస్తే లెక్క తప్పేమీ కాదు.

సార్వత్రిక విద్య. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పొందిన సంస్థ, ప్రభుత్వ కళాశాలల్లోని అధ్యయన కేంద్రాల ద్వారా పనిచేస్తుంది. పగలు పని చేస్తూ ఆదివారం తరగతులకు వచ్చినవారు ఆ డిగ్రీతో రెగ్యులర్ పీజీకి మారడం ఈ మార్గం.

మధ్యలో బదిలీ. కోర్సు నడుస్తుండగా ఒక విశ్వవిద్యాలయం నుంచి మరోదానికి మారడం నిబంధనల్లో ఉన్నా ఆచరణలో అరుదు; రెండు వైపులా అనుమతి కావాలి, సిలబస్ కలవాలి. 2021లో యూజీసీ తెచ్చిన క్రెడిట్ల నిధి ఈ పరిస్థితిని మార్చడానికి ఉద్దేశించినది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు ఆ ఖాతాలో జమవుతాయి. పట్టా ఇచ్చే సంస్థలో సగం క్రెడిట్లైనా చదివి ఉండాలి. ఖాతాలు తెరవడం జరుగుతోంది, వాటి ఆధారంగా కాలేజీ మారడం మాత్రం జిల్లాల్లో ఇంకా అలవాటు కాలేదు.

ధ్రువపత్రాలు

ఒక తొలితరం విద్యార్థి ధ్రువపత్రాల పరిశీలనకు తెచ్చే ప్లాస్టిక్ కవరులో ఇవి ఉంటాయి: పదో తరగతి మెమో, ఇంటర్ లేదా డిప్లొమా మెమోలు, ప్రొవిజనల్, టీసీ, బోనఫైడ్‌లు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్. నల్లగొండ నుంచి ఉస్మానియాకు వెళ్తే విశ్వవిద్యాలయం మారినట్టే కనుక మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. కుల, ఆదాయ పత్రాలకు మీసేవలో దరఖాస్తు చేయాలి, తహసీల్దారు ఆమోదించాలి. పాత ఆదాయ పత్రం చెల్లదు. కౌన్సెలింగ్ తేదీలు వెలువడ్డాక మీసేవ కేంద్రాల ముందు వరస కట్టేది ఇందుకే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉండటం మామూలు. తండ్రి పేరు ఒకచోట 'మల్లయ్య', మరోచోట 'మల్లేశం' అని ఉంటే బల్ల అవతలివారు కవరు తిరిగి ఇచ్చేస్తారు.

వీటన్నిటిలో తొలితరం వారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది బోనఫైడ్. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానిక అభ్యర్థులకు కేటాయించింది. స్థానికత తేల్చడానికి అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు ఆ ప్రాంతంలో వరసగా చదివి ఉండాలి. లేకపోతే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. అందుకే ఏడేళ్ల బోనఫైడ్‌లు అడుగుతారు. ఒకే బడిలో ఏడేళ్లు చదివిన విద్యార్థికి ఇది ఒక సంతకం పని. ఆరో తరగతి ఊళ్లో, ఏడు ముంబైలో అమ్మానాన్నల పనిచోట, ఎనిమిది చదువు మానేసి, తొమ్మిది నుంచి సంక్షేమ హాస్టల్‌లో ఉన్న విద్యార్థికి అది మూడు ఊళ్ల తిరుగుడు. బడి లేని ఏడాదికి నివాస ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు, అదీ తహసీల్దారు కార్యాలయం నుంచే. కుటుంబం ఒక్కచోట కుదురుగా ఉంటుందనే ఊహ మీద ఈ పత్రాల వ్యవస్థ నిలిచింది. పాలమూరు కుటుంబం ఆ ఊహకు అందదు. గురుకులంలో అయిదు నుంచి చదివినవారికి ఈ చిక్కు రాదు. గురుకులాల వల్ల కలిగిన మేలు గురించి చెప్పేటప్పుడు దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. (చూ. ముల్కీ నిబంధనలు, గురుకుల విద్యాలయాలు)

ఖర్చు, వసతి

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన బోధన రుసుముల చెల్లింపు, అందరి నోటా 'రీయింబర్స్‌మెంట్', తొలితరం విద్యార్థికి పెద్ద ఆధారం. దీనిలో కాలేజీకి వెళ్లే ట్యూషన్ ఫీజు ఒక భాగం, విద్యార్థికి వచ్చే ఉపకారవేతనం మరో భాగం. ఈపాస్ వెబ్‌సైట్‌లో ఏటా దరఖాస్తు చేయాలి. హాజరు 75 శాతం ఉండాలి. కన్వీనర్ కోటాలో సీటు వస్తేనే వర్తిస్తుంది. స్పాట్ అడ్మిషన్, మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు రాదు. ఈ సంగతి తెలియక, కౌన్సెలింగ్ రెండో విడతకు ఆగకుండా స్పాట్‌లో చేరి మొత్తం ఫీజు నెత్తిన వేసుకునేవారు ఏటా ఉంటారు. ప్రభుత్వం నుంచి బకాయిలు పేరుకుపోయినప్పుడు కొన్ని ప్రైవేటు కాలేజీలు ఫీజు కడితేనే ఒరిజినల్స్ ఇస్తామంటాయి. అప్పుడు పై మెట్టుకు వెళ్లాల్సిన విద్యార్థి టీసీ దగ్గర ఆగిపోతారు. ప్రభుత్వ కాలేజీల వారికి ఈ బాధ తక్కువ.

అర్హతను తేల్చేది కులం, కుటుంబ ఆదాయం. తమిళనాడులో కుటుంబంలో మొదటి పట్టభద్రులకు విడిగా ధ్రువపత్రం ఇచ్చి వృత్తి కోర్సుల్లో ట్యూషన్ ఫీజు రాయితీ ఇస్తారు. తెలంగాణ పద్ధతి అది కాదు.

హైదరాబాద్‌లో సీటు వచ్చినా హాస్టల్ వెంటనే దొరకదు. ఉస్మానియాలో తెలిసిన సీనియరు గదిలో సర్దుకునేవారిని నాన్‌బోర్డర్లు అంటారు. పాలమూరు రైలు కాచిగూడలో దిగితే క్యాంపస్ దగ్గరే; నల్లగొండ బస్సు దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వస్తుంది. మొదటి వారం ఎక్కడ పడుకోవాలో సీనియరు ఫోన్ నంబరే నిర్ణయిస్తుంది. అన్నో అక్కో చదివిన ఇంటి పిల్లలకు ఆ నంబరు ముందే ఉంటుంది.

బోధనా భాష

తెలుగు మాధ్యమంలో డిగ్రీ చేసినవారు ఎంఏలో పరీక్షలు తెలుగులో రాయగలరు. ఎమ్మెస్సీలో, ఇంజనీరింగ్‌లో ఆ వీలు లేదు. 'కిరణజన్య సంయోగక్రియ' అని పదేళ్లు చదివిన విద్యార్థి ఫోటోసింథసిస్ అనే మాట దగ్గర మొదటి నెల తడబడతారు. విషయం తెలుసు, పేరు తెలియదు. ఇంతకంటే వేగంగా మారుతున్నది ఇంకొకటి: జిల్లా కాలేజీల్లో తెలుగు మాధ్యమం సెక్షన్లు తగ్గి, డిగ్రీలోనే ఇంగ్లీషు మాధ్యమం తీసుకునేవారు పెరుగుతున్నారు. దానితో తడబాటు పీజీ నుంచి డిగ్రీ మొదటి ఏటికి జరిగింది. (చూ. తెలుగు అకాడమి, పారిభాషిక పదాలు)

మహిళలు

2021–22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వేలో తెలంగాణ స్థూల నమోదు నిష్పత్తి 40; దేశ సగటు 28.4. దక్షిణ జిల్లాల్లో ఉన్నత విద్యలో చేరేవారి పెరుగుదలను ముందుగా చూడగలిగేది మహిళా కళాశాలల్లో. మహబూబ్‌నగర్‌లోని ఎన్.టి.ఆర్. ప్రభుత్వ మహిళా కళాశాల ఎంతోకాలంగా ఉంది. 2016 నుంచి సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలు వచ్చాయి. గురుకుల డిగ్రీలో వసతి, భోజనం ఉచితం కావడంతో పెళ్లి మాట మూడేళ్లు వాయిదా పడుతుంది. పీజీ దగ్గర చాలామందికి ఆ వసతి ఆగిపోతుంది, సంబంధాలు చూడటం మొదలవుతుంది.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఇంటి నుంచే రోజూ పీజీకి వెళ్లిరావడానికి ఛార్జీల అడ్డు తొలగింది. ఇంట్లో చెప్పే హాస్టల్ ఫీజు, దూరం అనే రెండు అభ్యంతరాల్లో మొదటిది దీనితో తగ్గింది. తండా నుంచి బస్సు ఆగే రోడ్డు దాకా ఉన్న మూడు నాలుగు కిలోమీటర్లకు మాత్రం ఆటో ఛార్జీ ఇప్పటికీ చేతి డబ్బే, సాయంత్రం ప్రాక్టికల్స్ ఆలస్యమైతే ఆటో కూడా ఉండదు.